ఉమామహేశ్వర్లు పాటల గది

గిద్దలూరులో ఒక పెళ్లికి వెళ్లాను. పంక్తిలో కూర్చుని పప్పులో నెయ్యి కలుపుకుంటుంటే, నాది మార్కాపురమని తెలిసి పక్క విస్తరి ముందున్నావిడ చెయ్యి ఆపేసి నా వైపు తిరిగింది.

“మీ ఊర్లో పలకరాయి వ్యాపారం చేసే ఉమామహేశ్వర్లు ఉండాడే, పెండ్లానికి పక్షవాతమొచ్చి మంచంలో పడుంటే, ఆయన తలుపులు బిగించుకోని పాటలు ఇంటాండాడంట గదక్కా? ఆయమ్మ మూలిగేది బయటికి రాకుండా గోడలకు పరుపులు కొట్టిచ్చినాడంట!”

“ఎవరు చెప్పినారు నీకు?”

“ఒకరు చెప్పేదేంది, రాచర్ల దాకా పాకిపోయింటే!”

మా వీధి సంగతి నాకన్నా ముందే గిద్దలూరు చేరడం ఒక బాధ. వంకరగా చేరడం ఇంకో బాధ. అది మా వీధి చివర ఉండే లక్ష్మమ్మ నోట పుట్టిందని నాకు తెలుసు. ఆమె చెప్పినదాంట్లో సగం నిజమే. తలుపులు వేస్తాడు, నిజం. పాట పెడతాడు, అదీ నిజం. గోడలకు కొట్టించినవి మాత్రం పరుపులు కావు, బొంతలు. అందులో ఒకటి మా ఇంటిదే, నేనే ఇచ్చాను. ఎందుకిచ్చానో చెప్పాలంటే మొదటినుంచీ చెప్పుకురావాలి.

ఉమామహేశ్వర్లు వాళ్ల నాయన పలకల వ్యాపారి. బడిపిల్లలు రాసుకునే నల్లపలకలకు చెక్కచట్రం బిగించి, పెట్టెల్లో సర్ది ఊళ్లకు పంపేవాడు. నేను అయిదో తరగతి దాకా అక్షరాలు దిద్దింది ఆ పలకల మీదే. పిల్లలు నోటుపుస్తకాలకు మళ్లాక ఆ బేరం పడిపోయింది. కొడుకు నేలకు పరిచే బండలకు, గోడకు అంటించే రాయికి మారాడు. రాయిని చూసి కాదు, విని కొంటాడు. బండను నిలబెట్టి వేలి కణుపుతో కొడతాడు. ఖంగుమంటే మంచి రాయి. మొద్దుగా పలికితే లోపల ఎక్కడో చీలిక ఉన్నట్టు. లారీ రాయిని అలా ఒక్కొక్కటీ కొట్టి, చెవి పెట్టి ఏరేవాడు. పాటల జోలికి మాత్రం ఎన్నడూ పోలేదు. పెళ్లి మేళం మోగుతుంటే కూడా ఫోన్లో లారీవాడితో మాట్లాడుకునే రకం.

పరాచికాలు మాత్రం దండిగా ఆడేవాడు. నేను వాళ్ల వాకిలి దాటితే చాలు.

“పెద్దమ్మా, మా ఇంటికి పేపరు రాలేదు. ఊర్లో ఏం జరిగిందో నువ్వే చెప్పు.”

“నీ గోడౌన్లో ఎలకలు పిల్లలు పెట్టినాయంట. మొదటి పేజీలో ఏసినారు పో!”

భార్య నాగమల్లేశ్వరి లోపలి నుంచి నవ్వేది. ఆమెది యర్రగొండపాలెం. మాట తక్కువ, నవ్వు ఎక్కువ. కూతురికి పెళ్లి చేసి పంపాక ఇల్లు మరీ చప్పగా ఉందని ఆడవాళ్ల కోలాటం జట్టులో చేరింది. నరసింహులు అనే గురువు రాచర్ల నుంచి మోటారుసైకిలు మీద వచ్చి, సాయంత్రాలు మా సత్రం వాకిట్లో నేర్పేవాడు. నా మోకాళ్లు ఆడనివ్వవు కనుక నేను మెట్టు మీద కూర్చుని చూసేదాన్ని. నాగమల్లేశ్వరి అడుగు బాగా వేసేది. కోల మాత్రం అందరికన్నా ఒక పిసరు ఆలస్యంగా పడేది.

“మల్లేశ్వరమ్మా, నీ దెబ్బ తరవాతి బస్సుకు వస్తాంది!” అనేవాడు గురువు.

సాయంత్రం దుకాణం కట్టేసి ఉమామహేశ్వర్లు స్కూటరు మీద వచ్చి సత్రం ముందు ఆగేవాడు. ఆట ఒక పట్టాన ముగిసేది కాదు. కాసేపు చూసి, గొంతెత్తి ఒక కేక వేసేవాడు.

“ఏమే! పొయ్యి మీద పాలు పెట్టొచ్చినావ్! పొంగుతాండాయ్!”

నాగమల్లేశ్వరి ఎక్కడి అడుగు అక్కడే వదిలి, కోలలు చేతిలో ఉండగానే పరుగెత్తుకొచ్చేది. స్కూటరు దాకా వచ్చాక గుర్తొచ్చేది, పొయ్యి వెలిగించనే లేదని. కోలతో అతని వీపు మీద ఒకటి వేసేది. ఆడవాళ్లంతా పడీ పడీ నవ్వేవాళ్లు.

“మళ్లా నమ్మినావా?”

“నిజంగా పెట్టింటేనో?”

రోజూ అదే కేక, రోజూ అదే పరుగు. ఆ ఇంటి ముచ్చట అది. వేరే ఊరివాళ్లకు చెబితే ఇంతేనా అంటారు. మాకు మాత్రం ఆ కేక వినపడితే పొద్దుగూకినట్టు.

ఒకరోజు ఆమె ఆలస్యపు దెబ్బను ఆమెకే వినిపించి ఏడిపిద్దామని, స్కూటరు మీద కూర్చుని ఫోన్లో పాటంతా పట్టాడు. అలవాటు చొప్పున కేకా వేశాడు. ఫోను చేతిలోనే ఉంది కనుక పాటకన్నా ఆ కేకే గట్టిగా పడింది. ఇంటికి పోయి ఇద్దరూ విని నవ్వుకున్నారట.

ఆ ఏడాది వానలు మొదలయ్యే రోజుల్లో, ఒక పొద్దున పంపు దగ్గర బిందె పెట్టి, ఎత్తబోయి నాగమల్లేశ్వరి అలాగే కూలబడింది. ఒంగోలు ఆసుపత్రికి తీసుకుపోయారు. ప్రాణంతో తిరిగొచ్చింది కానీ కుడిచెయ్యి, కుడికాలు రాలేదు, మాట రాలేదు. కళ్లు తెరుచుకునే ఉంటాయి. చూస్తుందో లేదో తెలియదు. కొందరు తేరుకుంటారు, కొందరికి ఇంతే, తెలిసిన గొంతులు వినిపిస్తూ ఉండండి, అని డాక్టరు చెప్పి పంపాడట. కూతురు ఆదివారం వచ్చి ఏడ్చి పోతుంది. పొద్దున స్నానం చేయించి గంజి పట్టడానికి వెనకవీధి హలీమాబీ కుదిరింది. మిగతా వేళంతా ఉమామహేశ్వర్లే. పరాచికాలు పోయాయి. నన్ను చూసి పేపరు సంగతి అడగడం మానేశాడు.

ఒక మధ్యాహ్నం నేను బత్తాయి ఒలుస్తూ ఆమె మంచం పక్కన కూర్చుని ఉన్నాను. ఫోన్లో ఏదో వెతుకుతున్న ఉమామహేశ్వర్లుకు ఆ కోలాటం పాట కనబడింది. దిండు పక్కన పెట్టి మోగించాడు. చిన్న ఫోను, గరగరమంటూ వినిపించింది. ఆటోలు, కుక్కలు, కోలలు, గురువు అరుపులు, అన్నీ కలిసిపోయాయి. చివర్లో పాలకేక వచ్చింది. హలీమాబీ కిసుక్కున నవ్వింది. మరుక్షణం నవ్వు ఆపి నా భుజం పట్టుకుంది.

“యా అల్లా! పెద్దమ్మా, ఏలు!”

నాగమల్లేశ్వరి కుడిచేతి చూపుడువేలు దుప్పటి మీది నుంచి లేచి, మళ్లీ పడింది. ముగ్గురం చూశాం. ఉమామహేశ్వర్లు తువాలుతో ముఖం కప్పుకుని పెరట్లోకి పోయాడు. మర్నాడు మళ్లీ పెట్టాడు. మళ్లీ లేచింది.

అప్పటినుంచి అతనికి ఒకటే పట్టు. ఇంత బొంగురు ఫోనుకే వేలు లేచిందంటే, పాట సరిగ్గా, నిండుగా వినిపిస్తే చెయ్యి లేస్తుంది. చెయ్యి లేస్తే మనిషే లేస్తుంది. నాకూ సబబుగానే తోచింది. కాదని చెప్పడానికి ఎవరి దగ్గర ఏముంది?

స్టేషనుకు పోయే దారిలో ముస్తాక్ అహ్మద్‌కు టీవీలు, ఫోన్లు, స్పీకర్లు అమ్మే దుకాణం ఉంది. ఉమామహేశ్వర్లు అక్కడికి పోతుంటే, మా ఇంట్లో పాడైపోయిన రిమోటు చేతబట్టుకుని నేనూ వెంట పోయాను. రిమోటు వంక మాత్రమే.

“ముస్తాకూ, ఇంతకన్నా బాగా ఇనిపిచ్చేది ఏముంది?”

“ఏం పాటలు ఇంటావన్నా? దాన్నిబట్టి చెప్తా.”

“ఒకటే పాట.”

ముస్తాక్ నా వంక చూశాడు. నేను కళ్లతోనే ఊరుకోమన్నాను. మొదట అరచేతిలో పట్టే స్పీకరు ఒకటి ఇచ్చాడు, ఫోనుకు తీగ లేకుండా మోగేది. దాంట్లోనూ వేలు లేచింది, ముందటి మాదిరే. ఉమామహేశ్వర్లు మాత్రం “ఇంకొంచెం పైకి లేసింది, చూసినావా పెద్దమ్మా?” అన్నాడు. “అవున్నాయనా” అన్నాను. అలా అన్నాక ఇక వెనక్కి తిరగడం అతని వల్ల కాలేదు.

ఆ తర్వాత వరసగా అన్నీ మారిపోయాయి. నిలువెత్తు స్పీకర్లు రెండు, వాటిని మోగించే ఆంప్లిఫయరు, ఫోనుకూ ఆంప్లిఫయరుకూ నడుమ ఇంకో చిన్న పెట్టె. ఫోన్లో అంకెలుగా ఉన్న పాటను ఏమాత్రం చెడకుండా శబ్దం చేసేది ఆ పెట్టేనని ముస్తాక్ నాకు చెప్పాడు. పాత ఫోను మార్పిడికిచ్చి కొత్తది తీసుకున్నాడు. పాటను ఒంగోల్లో ఒక రికార్డింగు గదికి పంపి కడిగించాడు. ఆటోలు, కుక్కలు, గాలి మోత, అన్నీ తీసేసి, పాట ఒక్కటే తేటగా మిగిలేట్టు.

“అన్నా, ఆరోజు ఫోన్లో ఎంత పడిందో అంతే ఉంటది. పెట్టె పెద్దదైతే పాటలో లేనిది రాదు” అని ముస్తాక్ అంటూనే ఉన్నాడు.

“లేనిది అడగడంల్యా ముస్తాకూ. ఉన్నదంతా రావాల, అంతే.”

చెక్కబల్ల మీద స్పీకర్లు పెడితే బల్ల కూడా అదిరి శబ్దం మసకబారుతోందన్నాడు. తన గోడౌనుకే పోయి దళసరి నల్లబండలు రెండు ఏరుకొచ్చాడు. వాటిని వేలితో కొట్టి, చెవి పెట్టి, ఖంగుమన్నాకే లోపలికి మోయించాడు. గది గోడలు ఉత్తవిగా ఉంటే పాట తిరిగి కొడుతుందని ముస్తాక్ చెబితే, గోడల నిండా బొంతలు కొట్టించాడు. మా బొంత పోయింది అప్పుడే.

అన్నీ అమరినరోజు నేను, హలీమాబీ, ముస్తాక్ గోడవారగా కూర్చున్నాం. ఉమామహేశ్వర్లు మంచం దగ్గర కింద కూర్చున్నాడు. పాట మొదలయ్యింది. సత్రం వాకిలి గదిలోకి వచ్చినట్టుంది. గురువు పాదం నేల మీద పడటం, ఎవరి గాజులు వారివిగా మోగడం, పాట నడుమ ఆడవాళ్లు ఊపిరి తీసుకోవడం కూడా తెలుస్తోంది. అందరి కోలలూ పడ్డాక, ఒక పిసరు వెనగ్గా, ఒంటరిగా ఒక దెబ్బ.

“అదిగో, తరవాతి బస్సు!” అన్నాను ఉండబట్టలేక.

ఉమామహేశ్వర్లు తిరిగి చూసి పెదవుల మీద వేలు పెట్టాడు.

పాట అయిపోయింది. అందరం దుప్పటి మీది వేలును చూస్తున్నాం. వేలు కదల్లేదు. మళ్లీ పెట్టాడు. కదల్లేదు. ముస్తాక్ లేచి తీగలు సవరించాడు, అవసరం ఉండి కాదు, ఏదో ఒకటి చెయ్యాలని. మళ్లీ పెట్టారు. నాగమల్లేశ్వరి పైకప్పు వంక చూస్తూనే ఉంది.

గదిలో ఇంకా ఏదో చప్పుడు అడ్డమొస్తోందని అతని అనుమానం. ఫ్యాను గుర్రుమంటోందని ఆపాడు. కిటికీలు మూశాడు. వంటింట్లో కుక్కరు పెట్టొద్దన్నాడు. హలీమాబీ పని చేసుకుంటూ నాగమల్లేశ్వరితో ఊరి సంగతులన్నీ మాట్లాడేది, బదులొచ్చినా రాకపోయినా. అదీ వద్దన్నాడు.

“దగ్గొస్తే పెరట్లోకి ఉరకాల్సొస్తాంది పెద్దమ్మా” అని ఆమె నా దగ్గర వాపోయింది. “పరీక్ష హాల్లోనన్నా నీళ్లడగొచ్చు. ఈ ఇంట్ల అదీ ల్యా.”

నాకూ ఆంక్ష పెట్టాడు. “పెద్దమ్మా, ఏమనుకోవాకు. పాట అయినాక రా” అన్నాడు. ఈ వయసున నన్ను అలా వాకిట్లో నిలబెట్టినవాడు ఇంకొకడు లేడు. నేనేమీ అనుకోలేదంటే అబద్ధం. మూసిన కిటికీ బయట నేనే నిలబడి చెవి రిక్కిస్తుంటే, లక్ష్మమ్మకు మాత్రం అనుమానం రాకుండా ఉంటుందా? పరుపుల కథ అక్కడినుంచే బయలుదేరింది.

ఆ పెళ్లి నుంచి తిరిగొచ్చిన రోజు, గిద్దలూరు బస్సు దిగి నేను మా ఇంటికి పోలేదు. నేరుగా వాళ్లింటికే పోయాను.

“నాయనా, నోరు తెరవను. నన్నూ కూచోనీ” అన్నాను.

కూర్చోనిచ్చాడు. బాగా చిక్కిపోయాడు. పాట పెట్టాడు. అదే తేట పాట, అదే ఒంటరి దెబ్బ. చివరి చరణం అయ్యింది, కోలలు ఆగాయి. అక్కడికి చప్పున అంతా ఆగిపోయింది, కత్తితో కోసినట్టు. నాకు ఒక మెట్టు తప్పినట్టయింది. అక్కడ ఇంకా ఏదో రావాలి. నవ్వడానికి నా నోరు సిద్ధమైపోయి ఉంది, నవ్వాల్సిన మాట మాత్రం రాలేదు.

పాలు. పాలు పొంగలేదు.

వేలు లేచిన ప్రతిసారీ పాట నడుమ కాదు, చివర్నే లేచింది. మొదటిరోజు హలీమాబీ నవ్వాకే లేచింది. హలీమాబీ నవ్వింది ఆ కేకకు. మోకాళ్లు నొస్తున్నా ముస్తాక్ దుకాణానికి నడిచాను.

“ఆ కేకా?” అన్నాడు ముస్తాక్. చేతిలో ఉన్న ఫోను కింద పెట్టేశాడు. “అన్ననే తీసెయ్యమన్నాడు పెద్దమ్మా. నా ముందరే ఒంగోలుకు ఫోన్ చేసినాడు. ‘చివర్న ఎవడో గాడిద అరస్తాండాడు, పాటకు అడ్డం, వాణ్ని లేకుండా చెయ్యి’ అని నవ్వుకుంటా చెప్పినాడు. ఆయన నవ్వింది చూసి నేనూ సంతోషపడినా, శానా రోజులయ్యింది గదా అని.”

“పాత ఫోన్లో ఉంటది గదా?”

“మార్పిడికొచ్చిన ఫోను ఉన్నదంతా తుడిచేసి పంపుతాం. ఆయన ముందరే తుడిచినా. ఇప్పుడు ఏ ఊర్లో, ఎవరి చేతిలో ఉందో ఏం చెప్పేది?”

“ఒంగోల్లో?”

అప్పుడే ఫోను చేశాడు. పని అప్పజెప్పినాక తమ దగ్గర ఏదీ దాచే అలవాటు లేదని అవతలి మనిషి మర్యాదగానే చెప్పాడు.

“ఎవరికన్నా పంపినాడేమో నాయనా? కూతురికి?”

“సొంత అరుపును ఎవరికి పంపుకుంటాడు పెద్దమ్మా?”

దుకాణం నిండా స్పీకర్లు, పాటలు పాడే పెట్టెలు. వాటిలో ఒక్కటీ ఆ ఒక్క మాట పలకలేదు.

తిరిగి వస్తుంటే దారిలో నాకు నా తెలివితక్కువతనానికి నవ్వొచ్చింది. ఫోను పోతే పోయింది. కేక వేసిన మనిషి బతికే ఉన్నాడు, ఆ గదిలోనే ఉన్నాడు. ఆ గొంతును ఎవరూ తుడవలేదు కదా! ఇంత చిన్న విషయానికి ఇన్ని పెట్టెలా? గబగబా నడిచాను. లక్ష్మమ్మ వాకిట్లోంచి “ఏందక్కా, ఆ ఉరుకు?” అని అడిగితే, “రేపు చెప్తా, నోరు కడుక్కోని ఉండు” అన్నాను.

నేను వెళ్లేసరికి హలీమాబీ పక్కబట్టలు పిండుతోంది. ఉమామహేశ్వర్లు స్పీకరు కింది బండను గుడ్డతో తుడుస్తున్నాడు. నాగమల్లేశ్వరి కళ్లు తెరుచుకునే ఉన్నాయి. కుడిచెయ్యి దుప్పటి మీద, ఎక్కడ పెట్టింది అక్కడే ఉంది.

“మహేశా” అన్నాను. “ఆ ఏలు పాటకు లేసింది కాదు నాయనా.”

అతను నా మాటకు అడ్డంగా చెయ్యెత్తాడు. గుడ్డ అక్కడే వదిలి, నా మోచెయ్యి పట్టుకుని అరుగు మీదికి తీసుకొచ్చాడు. వెనక తలుపు మెల్లగా దగ్గరికి వేశాడు, ఆమెకు వినపడకూడదన్నట్టు.

“తెలుసు పెద్దమ్మా. నాకూ తెలిసింది” అన్నాడు.

నాకు కోపం ముంచుకొచ్చింది.

“తెలిసి నోరు మూసుకోని కూచున్నావా? ఆ పెట్టెలెందుకు, ఆ బొంతలెందుకు? ముస్తాకును, ఒంగోలును, ఎవర్ని అడగాల్సిన పని ఏముంది? ఆ కేక నీదేగదా! పొయ్యి ఆమె ముందర నిలబడి నువ్వే ఎయ్యరాదా?”

ఉమామహేశ్వర్లు అరుగు అంచున కూర్చున్నాడు. పక్కనున్న అరుగు బండను ఊరికే వేలి కణుపుతో కొట్టాడు. అది ఖంగుమంది.

“ఏసినా పెద్దమ్మా. మీరందరూ పోయినాక తలుపులేసుకోని రోజూ ఏస్తానే ఉండా. ఎట్ల ఏసినా బతిమాలినట్టే వస్తాంది.”